మస్తాన్ సంతకం

బీబీజాన్ బ్యాగులో సర్దుకుంటున్న చీరలను తమ్ముడి భార్య ఫర్జానా ఒక్కొక్కటే బయటికి లాగి దులుపుతోంది! పన్నెండేళ్లు అరబ్బుల ఇంట్లో గిన్నెలు తోమింది బీబీజాన్. ఆ ఇంటి మేడమ్ ఏనాడూ ఆమె బ్యాగు తెరవలేదు. ఇక తిరిగి రానని ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించుకుని, ఊరికి పోయేముందు ఖోబర్ పట్టణం అజీజియా పేటలోని తమ్ముడింటికి కడసారి వస్తే... సొంత మనిషి దొంగను సోదా చేసినట్టు చేస్తోంది!

"ఏం ఎతుకుతాండావు ఫర్జానా?"

"మా ఆయన కార్డులు! వచ్చిన కాడ్నుంచి నీ కండ్లు ఆ పెట్టె మీదనే ఉండాయి గదా వదినా!"

తమ్ముడు మస్తాన్ ఏసీల కంపెనీలో ఫోర్‌మన్. శుక్రవారాలు ఫిలిప్పీన్ వాళ్లతో బేస్‌బాల్ ఆడేవాడు. అతను విసిరే బంతికి ఎంత పేరంటే, జట్టువాళ్లు అతని ఫొటోతో కార్డులే అచ్చేయించారు. అడిగినవాళ్లకల్లా అవి సంతకాలతో అందేవి. మొన్న రంజాన్‌కు ముందు ఖఫ్జీ దారిలో కారు బోల్తాపడి... ఇరవై తొమ్మిదేళ్లకే పోయాడు! అప్పట్నుంచి ఫర్జానా ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి ఆ కార్డులు పోగుచేసింది. వచ్చినవాళ్లకు చూపించి ఏడ్చేది. అతను బతికుండగా ఒక్క ఆటకైనా వెళ్లిందా మహాతల్లి? ఎండకు నల్లబడతానని తలుపేసుకుని పడుకునేది!

"ఒక్కటియ్యి తల్లీ... తలాపున పెట్టుకుంటా."

"పాచిపని చేసేదానికి బేస్‌బాల్ కార్డా? ఆ పేరన్నా పలకనొస్తాదా నీకు?"

బీబీజాన్ చీరలు మళ్లీ బ్యాగులో సర్దుకుంది. తల్లి లేని తమ్ముణ్ణి బిడ్డలా పెంచినదానికి దక్కిన మర్యాద ఇది!

ఆమెను విమానాశ్రయానికి తీసుకెళ్లడానికి వచ్చిన కాషిఫ్ గుమ్మంలోనే అంతా విన్నాడు. మస్తాన్ జట్టులో ఆడే హైదరాబాదువాడు.

"ఏం మాటలు భాబీ అవి? ఆ సంతకాలు చేసింది ఈ అక్కనే! ఆటైనంక మస్తాన్ వేళ్లు వాచి పెన్ను పట్టకపోతుండె. కట్టలు తెచ్చి అక్క ముందర పెట్టేటోడు. వాడికి అక్షరాలు దిద్దించింది ఆమెనే కదా, ఇద్దరి రాత ఒక్కటే!"

ఫర్జానా ముఖం పాలిపోయింది. పెట్టెను నేలమీద కుమ్మరించింది.

"అయితే... ఇన్నాళ్లూ నేను ముద్దుపెట్టుకునింది నీ రాతనా! ఇన్నిట్లో ఒక్కటన్నా ఆయనది లేదా వదినా?"

బీబీజాన్ చతికిలబడి ఒక్కో కార్డునూ వెలుగులో పెట్టి చూసింది. ఎంతసేపటికో ఒకదాన్ని పక్కకు తీసింది.

"ఇదొక్కటి వాడిది. తొలి కార్డు... మురిసిపోతా రాసుకున్యాడు."

దాన్ని గుండెలకు హత్తుకుంది. కళ్లు తుడుచుకుని, ఫర్జానా చేతిలో పెట్టింది!

ఫర్జానా ఆమె కాళ్లమీద పడింది. "వద్దు వదినా... నువ్వే తీసకపో! నా నోట్లో మన్ను పడ..."

"నువ్వే పెట్టుకో. ఊరూవాడా తిరిగి అందర్నీ అడిగినావు... వాణ్ని పెంచిన నన్నొక్కదాన్ని అడగాలని తోచలేదు నీకు!" అని బీబీజాన్ మెట్లు దిగింది.

ఆమె వెళ్లింది 2024 మే 16, గురువారం. మళ్లీ రాలేదు.