వద్దని చెప్పే పాఠం

"బూట్లు బయట!"

జమున గట్టిగానే అంది. అప్పటికే అతను గది మధ్యకు వచ్చేశాడు. కడిగి ఆరిన బండల మీద గుమ్మం నుంచి బల్ల దాకా నల్లటి అడుగులు పడ్డాయి.

"తప్పైంది మేడం. ఫస్ట్ షిఫ్టు దిగి సీదా వచ్చిన" అంటూ వెనక్కి నడిచాడు. ఈసారి అడుగులు గుమ్మం వైపు పడ్డాయి.

వరండాలో కూర్చున్న జమున తండ్రి సదానందం మీసాల్లోనే నవ్వుకున్నాడు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ మసి ఆయనకు కొత్త కాదు.

వచ్చినవాడి పేరు ఉపేందర్. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కాంట్రాక్టరు దగ్గర డంపర్ లారీ నడుపుతాడు. మార్కండేయ కాలనీలో జమున ఇంగ్లీషు చెబుతుందని విని వచ్చాడు.

"మొత్తం ఇంగ్లీషు అక్కెర లేదు మేడం. వద్దని చెప్పుడు ఒక్కటి నేర్పుండ్రి."

"ఎవరికి?"

"పట్నాయక్ సారుకు. ఆయనకు తెలుగు రాదు, మాట్లాడితే ఇంగ్లీషే. నాకు డంపర్ నేర్పిందే ఆయన. ఇప్పుడు ఒడిశాల వేరే కంపెనీల మేనేజర్. నౌకరి ఇస్త రమ్మంటుండు. నాకేమో ఈ ఊరు ఇడిసిపోబుద్ధి అయితలేదు. వద్దనాలె, గని ఆయన మనసు నొవ్వద్దు."

"తెలుగులైతే ఎట్ల చెప్తరు?"

"తెలుగుల గూడ చెప్పరాదు మేడం."

జమునకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

మరునాటి నుంచి పాఠం మొదలైంది.

"ముందు థ్యాంక్స్ చెప్పాలె. తర్వాత రానని ఒక్కటే ముక్కల చెప్పాలె. పది కారణాలు చెప్తే ఒక్కటి గూడ నమ్మరు. ఆఖరికి, ముందు ముందు కలిసి పనిచేద్దామని అనాలె. నేనే పట్నాయక్ సార్‌ననుకోండ్రి. ఉపేందర్, నీకు క్వార్టర్ గూడ ఇస్తం!"

"థ్యాంక్యూ సార్."

"ఆఁ, తర్వాత?"

"క్వార్టర్ల నల్లా దినాం వస్తదా సార్?"

"ఉపేందర్!"

వరండాలో కుర్చీ కిర్రుమంది. సదానందం నవ్వినప్పుడల్లా ఆ కుర్చీ అలాగే కిర్రుమంటుంది.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగితే కాలనీ కిటికీల అద్దాలన్నీ గలగలమంటాయి. ఆ తర్వాత కాసేపటికి ఉపేందర్ వచ్చేవాడు. బూట్లు గుమ్మం అవతల విప్పి, స్నానం చేసిన తడి తల దులుపుకుంటూ లోపలికి వచ్చేవాడు. రాను రాను అద్దాలు కదలగానే జమున చూపు రోడ్డు మీదికి పోవడం మొదలైంది. ఎందుకని తనను తాను అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం.

ఒకరోజు అతను మొత్తం తడబడకుండా చెప్పేశాడు. ఆమెకు సంతోషం కలగలేదు. పాఠం అయిపోతే ఇక ఎందుకొస్తాడు?

"ఇంకోసారి చెప్పుండ్రి" అంది.

చెప్పాడు. ఇక చేసేదేం లేక ఫోన్ చేయమంది. అతను స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచాడు.

పట్నాయక్ గొంతు హుషారుగా వచ్చింది. కొత్త డంపర్ ఇస్తానన్నాడు.

"ఓకే సార్" అన్నాడు ఉపేందర్.

వచ్చే సోమవారం డ్యూటీలో చేరాలన్నాడు.

"ఓకే సార్."

రైలు టికెట్ పంపుతానన్నాడు.

"ఓకే సార్."

ఫోన్ కట్టయింది. జమున లేచి నిలబడింది.

"ఏం చేసిండ్రు మీరు?"

"ఏం చేసిన? ఇనబడ్డదని చెప్పిన."

డంపర్‌లో వాకీటాకీ ఉంటుంది. కింది నుంచి ఆఫీసరు ఏం చెప్పినా, ముందు ఓకే సార్ అనాలి. విన్నానని దాని అర్థం. తర్వాత చేసేదీ చేయనిదీ వేరే మాట. ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. పాఠంలోని ఒక్క మాట కూడా నోటికి రాలేదు.

ఫోన్ టింగుమంది. టికెట్ వచ్చేసింది.

"మళ్ల చేసి వద్దనుండ్రి."

"మాటిచ్చినట్టైంది మేడం. ఎట్ల అనాలె?"

"పోవుడు మీకిష్టమేనా?"

"లేదు."

"మరి?"

ఉపేందర్ ఆమె వైపు చూశాడు. "అమ్మ పొమ్మంటుంది. దోస్తులు పొమ్మంటుండ్రు. ఉండమనేటోళ్లు ఎవరు మేడం?"

జవాబు ఆమె పెదవుల దాకా వచ్చింది.

"మీ ఇష్టం" అంది.

అతను బూట్లు వేసుకొని వెళ్లిపోయాడు.

తర్వాత రోజూ అద్దాలు గలగలమన్నాయి. రోడ్డు మీద ఎవరెవరో వచ్చారు, అతను రాలేదు. పాఠం మధ్యలో జమున మాట మరిచిపోయేది. సాయంత్రం చీపురు పట్టుకొని నిలబడేది. బండల మీద ఊడ్చడానికి మసి కూడా లేదు.

శుక్రవారం వాన దంచికొట్టింది. ఆ వానలో ఉపేందర్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఈ రాత్రి బండికి పోతున్న మేడం. చెప్పిపోదామని వచ్చిన." బూట్లు విప్పబోయాడు.

"ఉండనియ్యుండ్రి. అట్లనే లోపలికి రండ్రి."

అతను కదల్లేదు. నమ్మలేదు కూడా.

"నేనంటున్న" అంది జమున.

"ఏమని?"

"ఉండమని."

చూరు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. అతని ముఖం మీద వాననీళ్లో ఏవో ఆమెకు తెలియలేదు.

"ఆ రోజే అంటే ఏమైతుండె మేడం?"

"నోరు రాలె. ఇప్పుడు ఫోన్ చెయ్యుండ్రి, జల్ది."

చేశాడు. బూట్లతోనే లోపలికి వచ్చి స్పీకర్ పెట్టాడు. ఈసారి మాట తడబడలేదు. ఆ రోజు ఓకే అనడం తన తప్పని ఒప్పుకున్నాడు. థ్యాంక్స్ చెప్పాడు. రాలేనన్నాడు. ముందు ముందు తప్పకుండా కలిసి పనిచేద్దామన్నాడు.

"వై?" అన్నాడు పట్నాయక్.

కారణం చెప్పొద్దని జమున చెయ్యి ఊపింది.

"మై ఫ్యామిలీ ఈజ్ హియర్ సార్."

"వాట్ ఫ్యామిలీ? యు ఆర్ నాట్ మ్యారీడ్!"

ఉపేందర్ జమునను చూస్తూ, "నాట్ యెట్ సార్" అన్నాడు.

ఫోన్‌లో పెద్ద నవ్వు. పట్నాయక్ టికెట్ కాన్సిల్ చేస్తానన్నాడు, పెళ్లికి పిలవకపోతే ఊరుకోనన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

వరండాలోంచి సదానందం గొంతు వినిపించింది. "ఏమన్నడు బిడ్డా ఆ సారు?"

"ఏం లేదు బాపు."

"ఏం లేకుంటె అంతగనం నవ్వుతడా? తెలుగుల చెప్పు."

జమున తల వంచుకుంది. "నీకు పెండ్లి కాలేదు గద, ఫ్యామిలీ ఎక్కడిది అన్నడు."

"దానికి ఈ పిలగాడు ఏమన్నడు?"

జమున ఉపేందర్ వైపు చూసింది. అతనే గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు.

"ఇంకా కాలేదని చెప్పిన కాకా."

సదానందం కుర్చీని అతని వైపు తిప్పుకున్నాడు.

"సామాను సదురుకున్నవా?"

"సదురుకున్న."

"ఇంటికి పోయి ఇప్పు. ఎల్లుండి ఐతారం మీ అమ్మను తోలుకరా."

ఉపేందర్ జమున వైపు తిరిగాడు.

"దాని దిక్కేం చూస్తవ్‌రా?" అన్నాడు సదానందం. "మీ అమ్మతోటి నేను తెలుగులనే మాట్లాడుత."