పిచ్చయ్య బావి మోటారు

దమ్మపేట దాటాక, అడవి మొదలయ్యే చోట ఒక మామిడితోట. అందులో ఒక బావి. చీకటి పడ్డాక దాని పేరెత్తితే జనం మాట మార్చేస్తారు. పిచ్చయ్య అనే జీతగాడు రాత్రి కరెంటుకు మోటారు వెయ్యబోయి, షాక్ కొట్టి బావి పక్క మోటారు కొట్టంలోనే పోయాడట. అప్పటినుంచీ రాత్రిళ్లు ఆ మోటారు వేసేది అతనేనని చెప్పుకుంటారు.

తోట కొన్న సుకుమార్‌కు ఆ మాట వింటేనే ఒళ్లు మండేది. టీవీలు బాగుచేసేవాడాయె! రాత్రి కరెంటుకు ఇంకొకడు చావకూడదని తోట పక్కనే ఉన్న ఇంట్లో ఒక రేడియో పెట్టె తయారుచేశాడు. దానికి గోరంత చిప్పే ప్రాణం. ఇంట్లో బటన్ నొక్కితే ఆ పెట్టె గాల్లో కబురు పంపుతుంది, తోటలో మోటారు తిరుగుతుంది. గేటు లైటు, కాలింగ్ బెల్లు, నీళ్ల ట్యాంకు... అన్నీ దానికే తగిలించాడు.

రెండువేల ఏడు ఎండాకాలం. వరుసగా రెండు రాత్రులు ఎవరూ వెయ్యకుండానే మోటారు తిరిగింది. బావి అడుగంటింది. ఇంకోసారి ఉత్తినే తిరిగితే మోటారు కాలుతుంది, చెట్లు ఎండుతాయి. కావలి గంగయ్య పిచ్చయ్య పనేనన్నాడు. తాగి నువ్వే వేసి చచ్చినోడి మీద పెడతావా అని సుకుమార్ నలుగురిలో నానా తిట్లూ తిట్టాడు. ముగ్గురు ఆడపిల్లలున్న గంగయ్యకు ఆ కావలి తప్ప వేరే బతుకుదెరువు లేదు.

"ఈ రాత్రి నీ ఎదురుంగనే కూసుంట. తిరిగిందో... తెల్లారి మూట కట్టుకో," అన్నాడు సుకుమార్.

ఇద్దరూ కొట్టంలో కూర్చున్నారు. పదకొండు... పన్నెండు... ఒంటిగంట దాటింది.

టక్ —

స్టార్టర్ పడింది. మోటారు గుయ్యిమంది. గంగయ్య చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి.

"చూసిన్రా సారూ..."

సుకుమార్ చూస్తున్నది వేరే. కబురందుకునే డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది... ఆరింది... మళ్లీ వెలిగింది. అంటే ఇంటినుంచే ఎవరో నొక్కుతున్నారు! భార్య జెస్సికాకు దవాఖానాలో నైట్ డ్యూటీ. ఇంట్లో ఉన్నది కాలు విరిగి మంచాన పడ్డ అత్త లిదియా ఒక్కతే. ఎవడో ఇంట్లో దూరాడు. మెయిన్ పీకేసి, కట్టె అందుకుని, పళ్లు కొరుకుతూ పరిగెత్తాడు. వెనకే గంగయ్య.

తాను వేసిన తాళం వేసినట్టే ఉంది. ముందుగదిలో ఎవరూ లేరు. పెట్టె మీద లైటు మాత్రం కొట్టుకుంటోంది. లోపలి గదిలో... నేల మీద ఏదో కదిలింది.

లిదియా. మంచం మీంచి జారిపడింది. చేతిలో, అవసరమైతే పిలవమని అతనే ఇచ్చిన బెల్లు బటన్. నొక్కుతూనే ఉంది. అతని గదిలో మోగాల్సిన బెల్లు మోగడం లేదు.

ఆ చిప్పులో ఎనిమిది నంబర్లకే జాగా. మొన్న ట్యాంకును తొమ్మిదోదిగా ఇరికించాడు, పడుతుందిలే అనుకుని. పట్టలేదు. అది పక్కగడిలోకి పొంగి, బెల్లు నంబరు చెరిపి ట్యాంకు నింపే మోటారు నంబరు పెట్టింది.

"మొన్న, నిన్న గూడ నొక్కిన్రా అత్తమ్మా?"

"అవ్ బాబూ... బాత్రూంకు పోదామని."

"నోటితోని పిలవచ్చు గదా?"

"అల్లుణ్ని గట్ల ఎట్ల పిలుస్త? విని గూడ... మీకు రాబుద్ధి కాలేదేమో అనుకున్న."

సుకుమార్ చేతిలో కట్టె ఇంకా అలాగే ఉంది. ఆ పెట్టెను దానితోనే పగలగొట్టాలనిపించింది, తన తలతో సహా. ఆమెను లేపడం ఒక్కడివల్ల కాలేదు. గుమ్మం బయట నిలబడ్డ గంగయ్యను పిలవాలి. ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు?

గంగయ్యే చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఆమె భుజం కింద చెయ్యి వేశాడు.

"గటు దిక్కు మీరు పట్టున్రి సారూ," అన్నాడు.