పత్తి అర్రలో పక్క

"వందనా, లైన్లకెళ్లి లే," అన్నాడు రంజిత్ సార్, ఖోఖో ఆట ఆపించి.

వందన లేచింది. లేస్తూనే మోచేత్తో కళ్లు గట్టిగా రుద్దుకుంది. అవి అప్పటికే ఎర్రగా ఉబ్బి, బొటబొటా నీళ్లు కారుతున్నాయి.

"ఉరికేటోళ్లే కనవడకపోతే ఎట్ల పట్టుకుంటవ్ బిడ్డా? శనివారం ఇచ్చోడల ఆట ఉంది. గప్పటిదాక తగ్గకపోతే నీ జాగల వేరేటోళ్లు కూసుంటరు."

వందనకు ఏడుపొచ్చింది. బోథ్ బడి జట్టులో చోటు కోసం ఎంత చెమటోడ్చిందో ఆమెకే తెలుసు. ఎలాగైనా శనివారం ఆడి తీరాలనుకుంది.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ టార్చి వేసి చూసి, అలర్జీ అని చెప్పింది. చుక్కల మందు ఇచ్చింది. "కండ్లు రుద్దద్దు. దుమ్ముకు, పత్తి నుసికి దూరముండాలె," అని కూడా అంది. వందన మాత్రం చుక్కల మాటే విన్నది.

ఇంట్లో ఒక అర్ర నిండా పత్తే. మంచి ధర వచ్చేదాకా ఉండనీ అని బాపు కుప్ప పోయించాడు. బోథ్ చలికి ఇల్లు మొత్తంలో వెచ్చగా ఉండేది ఆ గదే. వందన, తమ్ముడు అరుణ్ సాయంత్రమంతా కుప్ప మీద దుంకి, అక్కడే పక్కేసుకునేవారు. చుక్కలు వేసుకున్నాక ఇంకేం ఫికర్ అనుకుని, ఆ రోజు కూడా వందన తిన్నగా అక్కడికే చేరింది.

తెల్లారేసరికి రెప్పలు అతుక్కుపోయాయి.

"చుక్కలు పని చేస్తలేవు అవ్వా," అంది తల్లితో ఉడుక్కుంటూ.

అవ్వ తడిగుడ్డతో ఆమె కళ్లు తుడిచింది. దిండు తెచ్చి వాకిట్లో ఎండకు పట్టి గట్టిగా తట్టింది. నుసి పొగలా లేచింది.

"పగలు మందు ఏస్తవ్, రాత్రి గీ నుసిల పండుతవ్. చుక్కలేం జేస్తయ్ బిడ్డా?"

వందన దిండు గలీబు, దుప్పటి తనే ఉతికి ఆరేసింది. సాయంత్రం చలికి పళ్లు టకటకలాడుతుంటే వంటింట్లో చాప పరుచుకుంది.

"అక్కా, ఇటు రా. జర సేపు దుంకుదాం. మస్తు వెచ్చగుంది," అర్రలోంచి అరుణ్ పిలిచాడు.

వెళ్లాలని ప్రాణం కొట్టుకుంది.

"నేను రాను. నాకు ఆట ఉంది," అని అర్ర తలుపు దగ్గరికి వేసింది.

ఆ తర్వాత కూడా చుక్కలు మానలేదు. దురద పుట్టినప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకునేది. ఆగకపోతే వెళ్లి చల్లని నీళ్లతో కళ్లు కడుక్కునేది.

శనివారం ఇచ్చోడ మైదానంలో రంజిత్ సార్ ఆమె కళ్లలోకి చూశాడు. ఎరుపు పోయింది.

"పో, కూసో," అన్నాడు.

విజిల్ మోగింది. కాళ్ల కింది మట్టి లేచింది. వందన కన్ను చురుక్కుమంది, చెయ్యి పైకి లేవబోయింది. ఆమె దాన్ని నేలకేసి అదిమిపట్టి, ఎదుటివాళ్ల పాదాల మీదే చూపు నిలిపింది.

వీపు మీద చెయ్యి పడింది. "ఖో."

వందన ఉరికింది.