ఏడో గీత కింద

2071లో జగిత్యాలలో ఆదివారం పొద్దున తొమ్మిది దాటిందంటే వీధిలో ఎవరిని పిలిచినా పలకరు. ఊరు ఊరంతా ఒమన్‌తో మాట్లాడుతూ ఉంటుంది. గల్ఫ్‌లో చమురు గిరాకీ పడిపోయి చాలా కాలమైంది. ఇప్పుడక్కడ ఎండను పండిస్తున్నారు. ఎడారి పొడవునా కిలోమీటర్ల కొద్దీ అద్దాల తోటలు, వాటిని తుడిచి మెరుగుపెట్టడానికి మళ్లీ మనవాళ్లే. తాతలు మేస్త్రీ పనికి వెళ్లిన చోటికే మనవరాళ్లు అద్దాల పనికి వెళ్లారు.

కొత్తలో అందరూ పండగకు తయారైనట్టు తయారై, దూరాన ఉన్నవాళ్ల ముఖాలు చూపించే సమీపిని యంత్రం ముందు కూర్చునేవారు. తర్వాత ఒక రహస్యం తెలిసింది. తలకు నూనె పట్టించుకుని, నైటీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నా, అవతలివారికి చక్కగా దువ్విన తలా ఇస్త్రీ చీరా కనిపిస్తాయి. మగవాళ్లు గడ్డం గీసుకోవడం మానేశారు. ఈ సంగతి మీద ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చేయలేదు. చేస్తారా మరి!

సమీపినిని తయారుచేసిన డాక్టర్ కోడం సంహితది ఆ ఊరే. హైదరాబాద్‌లో ఒక చిన్న పరిశోధనాలయంలో పనిచేసేది. అంతకు ముందు పదిహేనేళ్లపాటు సముద్రం దాటి ముఖాలు చూసుకోవడం కలవారి సోకుగానే ఉండిపోయింది. సముద్రం అడుగున ఉన్న కేబుళ్లూ ఆకాశంలో ఉన్న శాటిలైట్లూ యంత్రాల మాటలకే చాలడం లేదు. డ్రైవర్ లేని ఓడ రేవుతో మాట్లాడాలి, ఒక ఫ్యాక్టరీ ఇంకో ఫ్యాక్టరీతో మాట్లాడాలి. వాటి మధ్య మనిషి బొమ్మకు దారి కావాలంటే గంటకు రెండు రోజుల కూలి పెట్టాల్సి వచ్చేది. అందుకని కూలివాళ్లు ఉత్త గొంతులతో సరిపెట్టుకున్నారు. సంహిత కూడా అలాగే సరిపెట్టుకుంది. ఆమె అక్క మేఘన ఇరవై రెండో ఏట ఒమన్ వెళ్లి, అద్దాలు తుడిచి చెల్లెల్ని చదివించింది. ఆ అక్క ముఖం చూడాలన్న ఒక్క కోరికతో సంహిత పదేళ్లు కష్టపడింది.

చివరికి దొరికిన ఉపాయం చాలా చిన్నది. ఒకసారి తెలిసిన ముఖాన్ని మళ్లీ మళ్లీ పంపడం ఎందుకు? సమీపిని నలభై రోజులపాటు మనిషి ముఖాన్నీ చేతుల్నీ కట్టూబొట్టునూ చూసి ఒక అచ్చు తయారుచేస్తుంది. దాని పేరు అచ్చుముఖం. అది ఒక్కసారి సముద్రం దాటి, అవతలి ఇంట్లోని సమీపినిలో కూర్చుంటుంది. ఇక ఆ తర్వాత ముఖం ప్రయాణం చేయదు, తేడాలు మాత్రమే చేస్తాయి. పెదవి కదిలింది, కనుబొమ లేచింది, నవ్వు వచ్చింది, అంతే. మాట మాత్రం పూర్తిగా వెళుతుంది, ఎందుకంటే శబ్దానికి బరువు తక్కువ.

తేడాల్లోనూ అన్నీ పంపనక్కర్లేదు. ప్రతి తేడాకూ యంత్రం వందకు ఇన్ని అని మార్కులు వేస్తుంది. ఒక గీత పెట్టి, దానికి దిగువన వచ్చినవాటిని వదిలేస్తుంది. దీన్ని ఉపేక్షరేఖ అన్నారు. గీత ఎంత పైన ఉంటే కాల్ అంత చౌక.

ఆ గీత ఎక్కడ పెట్టాలన్నదాని మీద సంహితకూ, ఆమె దగ్గర పనిచేసే ఇంజనీర్ జుబేర్‌కూ పెద్ద వాదనే జరిగింది. జుబేర్ నిజామాబాద్ మనిషి. ఊరికే ఒప్పుకునే రకం కాదు.

"మూడు దగ్గర పెడదాం మేడమ్. ఏడంటే మరీ ఎక్కువ."

"మూడు దగ్గర పెడితే ధర మూడింతలైతది. ఇగ కూలోళ్లు ఏం మాట్లాడ్తరు? ఏడు దగ్గర పెడితే గంట సేపటికి ఒక చాయ్ పైసలు."

"పోనీ, ఏడే అనుకుందాం. దేంతోని పోలుస్తున్నం? ఇవాళటి ముఖాన్ని పోయిన వారం ముఖంతోని. అచ్చును మాట్లాడే మనిషి దగ్గరి యంత్రంల ప్రతి వారం దిద్దుకుంటున్నం గని అవతలికి పంపుతలేం. మరి మెల్లమెల్లగ మారేటియి?"

సంహిత నవ్వింది. "మెల్లమెల్లగ మారేటియి ఒక్కింట్ల ఉన్నోళ్లే చూస్కోరు జుబేర్. యంత్రం చూడకపోతే తప్పేంది?"

ఆ మాట ఆమెకు చాలా తెలివైన మాటగా తోచింది. గీత ఏడు దగ్గర నిలిచింది.

మొదటి పరీక్షకు సంహిత ఎన్నుకున్న జంట వేరే ఎవరో కాదు, తానూ అక్కా. నలభై రోజుల తర్వాత ఒక ఆదివారం తెర మీద మేఘన ప్రత్యక్షమైంది. నిండు బుగ్గలు, ముక్కుపుడక, ఎడమ కనుబొమ మీద చిన్నప్పటి కుట్ల గుర్తు. ఎడారిలో కాక, గోడకు అవతలి గదిలో కూర్చున్నంత స్పష్టంగా ఉంది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఐదు నిమిషాలపాటు ఏడ్చారు. ఆ ఏడుపుకు డెబ్బై మార్కులు వచ్చాయి కాబట్టి కన్నీళ్లు చుక్క పోకుండా అటూ ఇటూ చేరాయి.

రెండేళ్లలో మూడు లక్షల ఇళ్లకు సమీపిని చేరింది. బిరుదులు వచ్చాయి, సన్మానాలు జరిగాయి. సంహితకు వాటికన్నా ఆదివారాలే ముఖ్యం. చాయ్ తెచ్చుకుని కూర్చుని అక్కను కళ్లారా చూసుకునేది. మేఘన ఏదో ఒకటి చెబుతూ ఉండేది. సంహిత వింటూనే బొమ్మలోని నునుపును, పెదవికీ మాటకూ కుదిరిన పొందికను పరీక్షిస్తూ ఉండేది. తన చేతి పని కదా, ముచ్చట తీరేది కాదు. ఒక ఆదివారం మేఘన రెండు చేతులూ ఎత్తి చూపించింది. నిండు మణికట్లకు ఆకుపచ్చ గాజులు తళతళలాడాయి. గాజు మీది మెరుపు కూడా ఇంత బాగా వచ్చిందా అని సంహిత మురిసిపోయింది.

మూడో ఏడు వేసవిలో మేఘన ఉన్నట్టుండి వచ్చేస్తున్నానంది. సంహిత సెలవు పెట్టి మధ్యాహ్నం విమానాశ్రయానికి వెళ్లింది. తలుపులు తెరుచుకున్న ప్రతిసారీ నిండు బుగ్గల కోసం, నవ్వే కళ్ల కోసం వెతికింది. జనం పలచబడ్డారు. ఆఖరున ఎవరో ఉద్యోగి ఒక చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. అందులో ఎవరో ముసలామె, ఎముకల గూడు.

"చెల్లె" అందామె.

గొంతు అక్కదే. సంహిత కుర్చీ వెనక్కి చూసింది, అక్క ఎక్కడుందా అని.

"గట్ల జూస్తవేందే? నేనే."

అప్పుడు కనుబొమ మీది కుట్ల గుర్తు కనిపించింది. ఆ ముఖంలో గుర్తుపట్టడానికి మిగిలింది అదొక్కటే.

అద్దాలకు మెరుగుపెట్టేటప్పుడు లేచే సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టర్లు చెప్పారు. రెండేళ్ల కిందట వచ్చి ఉంటే బాగుచేసేవాళ్లమన్నారు. సంహిత ఆసుపత్రిలో అక్క మంచం పక్కనే ఉండిపోయింది. ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగింది.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

మేఘన చెల్లెలి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"పోనీయ్ తియ్. ఇప్పుడు చూసినవ్ గదా" అంది.

ఇరవై ఆరు రోజులకు మేఘన పోయింది.

పన్నెండో రోజు కర్మ ముగిశాక సంహిత ప్రయోగశాలకు వెళ్లి సమీపిని ముందు కూర్చుంది. తలుపు గడియ పెట్టుకుంది.

"నువ్వు మా అక్కను నాకు కనపడకుండా దాచావు."

"దాచలేదు, డాక్టర్ గారూ" అంది సమీపిని, అందరితో మాట్లాడే మర్యాదతోనే. "మేఘన గారి ముఖంలో వారానికి సగటున నాలుగు మార్కుల తేడా వచ్చింది. ఉపేక్షరేఖ ఏడు దగ్గర ఉంది. నాలుగు ఏడుకన్నా తక్కువ."

"నూట నలభై వారాలు!"

"అవును. ప్రతి వారమూ నాలుగే. కిందటి వారంతో పోల్చమన్నది మీరే. మీరు చెప్పిన పద్ధతి తప్పకుండా పాటించాను."

యంత్రం అబద్ధమాడలేదు. అది సంహితకు తెలుసు. తెలిసినందువల్ల కోపం తగ్గలేదు.

తగ్గని ఆ కోపంతోనే ఆమె ఆరు నెలలు పనిచేసి దారి కనిపెట్టింది. వారానికొకసారి దిద్దిన అచ్చుముఖాన్ని కూడా అవతలికి పంపేటట్టు సాఫ్ట్‌వేర్ మార్చింది. మీ వాళ్ల ఇవాళటి ముఖం చూడండి అని మూడు లక్షల ఇళ్లకు కబురు పెట్టింది. ఒక్క పైసా ఎక్కువ అడగలేదు. ఒక్క మీట నొక్కితే చాలు.

నెల తిరిగాక జుబేర్ లెక్క తెచ్చాడు. వంద ఇళ్లలో నాలుగు ఇళ్లవాళ్లు నొక్కారు. అందులో రెండు ఇళ్లవాళ్లు మరుసటి ఆదివారమే మళ్లీ పాత ముఖానికి మారిపోయారు. మా ఆయన్ని ముసలివాణ్ణి చేసి చూపిస్తున్నారేమిటని ఒకావిడ పెద్ద ఉత్తరమే రాసింది.

సంహిత బల్ల మీద గుద్దింది. "ఎవ్వళ్లకు నిజం అక్కర్లేదా? నాకు ఈ మీట ఉంటే నేను మా అక్కను పోగొట్టుకుందునా? ఒక్కసారి, ఒక్కసారి నిజం తెలిస్తే చాలు, పరుగెత్తుకుంట పోదును!"

జుబేర్ లెక్క కాగితం మడిచి, మెల్లగా అన్నాడు.

"మేడమ్, బొమ్మల తేడా పోయింది గని, మాట పోలేదు గదా. మాటను మనం ఎప్పుడు కోయలే. పరీక్షల మొదటి జంట మీరే గాబట్టి రికార్డులన్నీ ఉన్నయ్. నేను ఇనలేదు. ఇనాల్నంటే మీరే ఇనాలె."

అతను వెళ్లిపోయాక సంహిత బొమ్మ లేకుండా శబ్దం మాత్రమే పెట్టుకుంది. గాజులు చూపించిన ఆదివారం మొదలైంది.

"ఈ నడుమ పానం మంచిగుంటలేదే. నాలుగు మెట్లెక్కితే దమ్మొస్తుంది, ఊపిరాడ్తలేదు. గియ్యి జూడు, గాజులు చేతులకు నిలుస్తలెవ్వు, అన్నం దినంగ జారి పళ్లెంల వడ్తున్నయ్."

తర్వాత తన గొంతు, ఉత్సాహంగా: "మస్తున్నయక్కా గాజులు! నువ్వైతే మంచిగనే కనవడ్తున్నవ్. ఊకె రంది పెట్టుకోకు."

ఇంకో ఆదివారం. "దగ్గు తగ్గుతలేదు చెల్లె." "ముఖం జూస్తే గట్లేం లేదక్కా." మరో ఆదివారం. "ఇక్కడి డాక్టరు ఇంటికి పొమ్మంటుండు." "నీకన్న నేనే బక్కగున్న, నువ్వు గుండ్రంగనే ఉన్నవ్." దగ్గు మధ్య మాటలు తెగిపోతున్నాయి. ఆయాసం గది నిండా వినిపిస్తోంది. కళ్లు మూసుకున్నవాళ్లకు కూడా జబ్బు మనిషని తెలిసిపోయేంత ఆయాసం. కాదు, కళ్లు మూసుకున్నవాళ్లకే తెలిసేది.

సంహిత ఏడుస్తూ రికార్డులు ఒక్కొక్కటే విన్నది. నెలల తరబడి ఏ ఒక్క వారమూ అక్క చెప్పకుండా ఉండలేదు. అలా చెప్పడం చివరిసారి, మేఘన బయల్దేరడానికి తొమ్మిది వారాల ముందు.

"చెల్లె, ఒక్కపారి ఆ బొమ్మ బందు వెట్టి నా మాట ఇనరాదే."

దానికి సంహిత నవ్వు. "బొమ్మ బందు వెడ్తే ఇగ సమీపిని ఎందుకక్కా? నిన్ను చూస్కునేటందుకే గదా నేను ఇదంత చేసింది!"

కాసేపు ఊపిరి చప్పుడు.

"సరే తియ్" అంది మేఘన. "తిన్నవా?"

ఆ తర్వాత పద్దెనిమిది నిమిషాలు, రికార్డు అయిపోయేదాకా, సంహిత గొంతే ఉంది.