ఐసులో పెట్టిన హార్డ్ డిస్క్

వెనకాల హెడ్‌లైట్లు!

బాబీ బండి అద్దంలో చూస్తాడు. అదే నల్ల కారు. బందరు నుంచి వెంటపడుతోంది. గూడూరు సెంటర్లో లారీల మధ్య దూరి తప్పించుకున్నాననుకున్నాడు.

తప్పించుకోలేదు.

చీకటి పడి ఎంతో సేపు కాలేదు. రోడ్డు పక్క టీకొట్ల దగ్గర ఇంకా జనం ఉన్నారు. ఎవరైనా అడ్డం రాకపోతారా అని వాడి ఆశ. ఎవరూ రారు. బాబీ మొహం చూసి సాయం చేయాలనిపించేంత మంచి పేరు వాడు ఈ చుట్టుపక్కల ఎక్కడా సంపాదించుకోలేదు.

కారు దగ్గరికొస్తోంది… ఇంకా దగ్గరికి…

ఢాం!

వెనక చక్రానికి తగులుతుంది. బండి పక్కకి ఒరుగుతుంది. బాబీ ఎగిరి కాలవ గట్టు మీద బోర్లా పడతాడు.

లేస్తాడు.

పరుగు!

తూటికాడ పొదలు. బురద. ఒక చెప్పు ఊడిపోతుంది. కూలింగ్ గ్లాసులు ఎప్పుడో పోయాయి. రాత్రిపూట కూలింగ్ గ్లాసులు పెట్టుకుని బండి తోలేవాడికి అవి పోవడమే మంచిదైంది, ఇప్పుడే దారి కనిపిస్తోంది.

గట్టు మీద కారు తలుపు చప్పుడు. టార్చిలైటు వెలుగు నీళ్ళ మీద పాకుతోంది.

"బాబీ, ఎంత దూరం పోతావురా. బయటికి రా. అయ్యగారు మాట్లాడతారంట."

ధనరాజు గొంతు. శేషగిరిరావు కారు డ్రైవరు. ఒక చేతిలో టార్చి ఉంది.

రెండో చేతిలో పిస్తోలు!

బాబీ చప్పుడు చేయకుండా కాలవలోకి జారతాడు. మెడ దాకా నీళ్ళు. ముక్కు మాత్రం పైన.

ఇదంతా ఒక హార్డ్ డిస్క్ కోసం.

శేషగిరిరావుకి బందరు పక్కన గిలకలదిండి రేవులో బోట్లున్నాయి, ఐసు ఫ్యాక్టరీ ఉంది, పెద్దమనిషన్న పేరుంది. ఆ ఫ్యాక్టరీలోనే బాబీ రాత్రి డ్యూటీ సూపర్‌వైజరు. రెండేళ్ళ కిందట తుఫాను హెచ్చరిక ఉన్న రోజున బోటు తీయమంటే, తీయనన్నాడు నూకరాజు అనే బోటు డ్రైవరు. శేషగిరిరావుకి 'కాదు' అనే మాట వినే అలవాటు లేదు. జెట్టీ మీద అతని చొక్కా పట్టుకున్నాడు. నీళ్ళలోకి తోశాడు. వెనక్కి తిరిగి చూడకుండా కారెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు శవం తేలింది. తాగి పడ్డాడన్నారు. ఊరు నమ్మింది.

ఫ్యాక్టరీ గోడకున్న కెమెరా అంతా చూసింది.

బాబీ ఆ వీడియోని హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకున్నాడు. అప్పట్నుంచి వాడు ఒళ్ళు వంచి పని చేసింది లేదు. నెల తిరిగేసరికి శేషగిరిరావు దగ్గర్నుంచి కవరు వచ్చేది. ఆ డిస్కు ఉన్నంత కాలం ఆయన వాడి మీద చెయ్యి వేయలేడు.

పోయిన వారం ఆ డిస్కు చచ్చింది!

ప్లగ్గు పెడితే టిక్కు టిక్కుమంది. కాసేపటికి అదీ లేదు.

బుద్ధున్నవాడైతే దాన్ని ముట్టుకోకుండా తెలిసినవాళ్ళ చేతిలో పెట్టేవాడు. బాబీ యూట్యూబ్ చూశాడు. చెడిపోయిన డిస్కుని ఫ్రిజ్‌లో పెడితే కాసేపు పని చేస్తుందని అందులో ఎవడో చెప్పాడు. ఫ్రిజ్ ఎందుకు, మనకి ఐసు ఫ్యాక్టరీయే ఉంది కదా అనుకున్నాడు వీడు. చేపల పెట్టెలో కింద ఐసు, పైన ఐసు, మధ్యలో డిస్కు. వంజరం చేపని సర్దినంత శ్రద్ధగా సర్దాడు. పొద్దున్నే చూస్తే ఐసు కరిగి డిస్కు నీళ్ళలో మునిగి ఉంది.

అప్పుడైనా నోరు మూసుకున్నాడా? బందరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే గోపి దగ్గరికి పరిగెత్తి, 'ఇందులో నా ప్రాణం ఉంది గోపీ' అన్నాడు. గోపి ఆ డిస్కుని గుడివాడలో ఏంజెల్ అనే ఆవిడకి పంపించాడు, పోయిన డేటా తీయడమే ఆవిడ పని. ఇవాళ పొద్దున్న గోపి తీరిగ్గా వెళ్ళి ఈ సంగతంతా శేషగిరిరావు చెవిలో ఊదాడు.

వీడియో లేకపోతే భయం లేదు. భయం లేకపోతే బాబీతో పని లేదు. అందుకే ఈ కారు, ఈ పిస్తోలు.

కానీ మధ్యాహ్నం ఏంజెల్ ఫోన్ చేసింది. 'మీ డేటా వచ్చిందండీ, వచ్చి చూసుకోండి' అంది. ఆ సంగతి శేషగిరిరావుకి తెలీదు. బాబీ గుడివాడ చేరాలి. వీడియో చేతిలో పట్టుకోవాలి. అప్పుడే బతుకుతాడు.

టార్చి వెలుగు వాడి నెత్తి మీదుగా పోయి, ఆగి, వెనక్కి వస్తుంది…

ఊపిరి బిగబట్టి మునుగుతాడు.

వెలుగు ముందుకి సాగిపోతుంది. బాబీ తల పైకెత్తుతాడు. నవ్వొస్తోంది వాడికి. ఆ ధనరాజు ఎవరనుకున్నారు? చచ్చిపోయిన నూకరాజు సొంత తమ్ముడు! అన్న పోయాక శేషగిరిరావు పిలిచి, 'మీ ఇంటికి నేనున్నానురా' అని స్టీరింగు చేతికిచ్చాడు. ఆ పూట నుంచి ఆయన మాటే వాడికి వేదం.

"అన్నని తోసినోడి కారు తోలుతున్నాడు, ఎడ్డి మొహం," అనుకుంటాడు బాబీ, కాలవలో మెడ దాకా మునిగి, నోట్లోకి పోయిన తూటికాడ ఆకు ఉమ్ముకుంటూ.

అవతలి గట్టు. పొలాలు. మళ్ళీ రోడ్డు. చెయ్యి ఊపితే ఒక షేర్ ఆటో ఆగుతుంది. లోపల ఎండుచేపల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు.

"బాబూ, కాస్త అటు జరుగు. నీ కంపు నా చేపలకి అంటేట్టుంది," అంటుంది పెద్దావిడ.

బాబీ అటు జరుగుతాడు. తల వంచుకుని, ఒంటి చెప్పుతో, బుట్టల మధ్య ముడుచుకుంటాడు. నిన్నటిదాకా ఒక పెద్దమనిషిని వేలి మీద ఆడించిన వీరుడు!

గుడివాడ. బస్టాండు వెనక వీధి. మేడ మీద షాపు.

మెట్లు రెండేసి ఎక్కుతాడు. బయట కౌంటరు, లోపల దుమ్ము పడకుండా కట్టించుకున్న చిన్న అద్దాల గది. అందులో ఏంజెల్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. వాణ్ణి కింద నుంచి పైదాకా చూస్తుంది.

"మీరేనా బాబీ? అక్కడే తుడుచుకుని రండి."

"మేడం, డేటా…"

"వచ్చిందండీ. ముందొకటి చెప్పండి. కేసు విప్పితే చేప పొలుసు రాలింది. అసలేం చేశారు దీన్ని?"

"ఐసులో పెట్టానండి."

"చేపనుకున్నారా?"

బాబీ పళ్ళు ఇకిలిస్తాడు. ఆవిడ నవ్వదు.

"లోపలికి నీళ్ళెళ్ళాయి. మొత్తం శుభ్రం చేసి, అలాంటిదే ఇంకో డిస్కు కొని, దాని భాగాలు దీనికి వేయాల్సొచ్చింది. మీరు ఊరుకుని ఉంటే ఇంత పని లేదు."

"మీ ఫీజు ఎంతైనా ఇస్తానండి. వీడియో వచ్చిందా లేదా, అది చెప్పండి."

"వచ్చింది. సరిగ్గా ఉందో లేదో చూడాలి కాబట్టి, మీకు ఫోన్ చేశాక నేనూ చూశాను." ఆవిడ చెయ్యి మెల్లిగా ఫోన్ మీదికి వెళ్తోంది. "మీతో మాట్లాడే ముందు నేను ఇంకొకరితో మాట్లాడాలండీ."

మెట్ల మీద బూట్ల చప్పుడు!

బాబీ వెనక్కి తిరుగుతాడు. తలుపు తోసుకుని శేషగిరిరావు వస్తాడు. తెల్ల చొక్కా, చేతిలో రుమాలు, మెట్లెక్కిన ఆయాసం. వెనకాల ధనరాజు, పిస్తోలుతో. పెద్దమనిషి తన చేత్తో పిస్తోలు పట్టుకోడు. అలాంటి మురికి పనులకి జీతగాళ్ళున్నారు.

"ఆ ఫోన్ అక్కడ పెట్టమ్మా," అంటాడు నెమ్మదిగా. "వీడు మావాడే. మీకు శ్రమ ఇచ్చినట్టున్నాడు. ఆ పాడైపోయిన డిస్కు ఇచ్చేస్తే వీణ్ణి తీసుకుని పోతాం."

ఏంజెల్ ఫోన్ బల్ల మీద పెడుతుంది.

బాబీ గట్టిగా నవ్వుతాడు. "పాడైపోయిందని ఎవరన్నారు సార్? మేడం బాగుచేశారు. వీడియో వచ్చేసింది."

శేషగిరిరావు రుమాలు నుదుటి దగ్గరే ఆగిపోతుంది.

"ధనా, నువ్వు బయట కౌంటర్ దగ్గర ఉండరా. పిలిస్తే రా."

"అలాగేనండి," అని ధనరాజు బయటికి వెళ్తాడు. అద్దాల తలుపు మూసుకుంటుంది.

బాబీ కుర్చీ లాక్కుని కాలు మీద కాలు వేసుకుంటాడు. కాలి నుంచి బురద కారుతోంది. అయినా సింహాసనం మీద కూర్చున్నట్టే ఉంది వాడి వాలకం.

"వేయండి మేడం. సార్‌కి చూపించండి. ఆయనకి నమ్మకం కలగాలి."

"ఏది వేయమంటారు?" అంటుంది ఏంజెల్.

"ఏదేంటండి, వీడియో."

"రెండున్నాయండీ. మీరు కత్తిరించి దాచుకున్నది ఒకటి. డిలీట్ చేసిన అసలుది ఒకటి. డిలీట్ కొట్టగానే డిస్కులోంచి పోదు. నేను తీసేటప్పుడు అన్నీ వస్తాయి."

బాబీ కాలు కిందికి దిగుతుంది.

"చిన్నది… చిన్నది వేయండి."

"పెద్దది వేయమ్మా," అంటాడు శేషగిరిరావు.

తెర వెలుగుతుంది.

జెట్టీ. వాన. శేషగిరిరావు నూకరాజు చొక్కా పట్టుకున్నాడు. తోశాడు. కారు లైట్లు వెళ్ళిపోయాయి. బాబీ దగ్గరున్న చిన్న వీడియో ఇక్కడితో సరి.

ఇది ఆగలేదు…

నీళ్ళలోంచి ఒక చెయ్యి! జెట్టీకి వేలాడే పాత టైరుని పట్టుకుంది. రెండో చెయ్యి. నూకరాజు పైకి పాకాడు. కూర్చున్నాడు. దగ్గుతూ, చొక్కా విప్పి పిండుకుంటున్నాడు.

బతికే ఉన్నాడు!

ఫ్యాక్టరీ వైపు నుంచి ఒక మనిషి నడిచొచ్చాడు. చేతిలో ఐసు దిమ్మలు లాగే కొక్కెం.

బాబీ.

ఆ రోజు వాడు వేసుకున్న లెక్క చాలా చిన్నది. శేషగిరిరావు మనిషిని తోశాడు, వీడియో ఉంది. కానీ తోసిన మనిషి బతికొచ్చాడు. బతికొచ్చినవాడి వీడియోకి ఎవడు భయపడతాడు? అదే నిజంగా చస్తే…

తెర మీద నూకరాజు వాణ్ణి చూసి చెయ్యి చాచాడు. లేపమని.

కొక్కెం పైకి లేచింది. ఏంజెల్ వీడియోని అక్కడే నిలిపేస్తుంది.

ఒక వీడియోకి విలువ తేవడానికి మనిషిని చంపినవాడు, ఆ వీడియోనే తీసుకెళ్ళి చేపల పెట్టెలో నానబెట్టాడు. తన తప్పుని తనే చెరిపి, తనే గుడివాడ పంపి, డబ్బిచ్చి మరీ బయటికి తీయించుకున్నాడు. ఇంతకన్నా దరిద్రపు తెలివి ఈ జిల్లాలో ఇంకెక్కడైనా ఉంటుందా?

శేషగిరిరావు భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంటాడు బాబీ.

నవ్వుతున్నాడు!

"నేను చంపలేదు," అంటాడు కళ్ళు తుడుచుకుంటూ. "రెండేళ్ళుగా నిద్ర లేదురా నాకు. నేను చంపలేదు."

తోసిన సంగతి అప్పుడే మర్చిపోయాడు. నీళ్ళలో కొట్టుకుంటున్నవాణ్ణి వదిలి కారెక్కిన సంగతీ మర్చిపోయాడు. పెద్దమనుషులకి మతిమరుపు కూడా భలే సౌకర్యంగా వస్తుంది.

"అమ్మా, మొదటి సగం తీసేసి వెనక సగం ఇవ్వు. పోలీసులకి నేనే ఇస్తాను."

ఏంజెల్ ఆయన్ని చూస్తుంది. బాబీని చూసిన చూపే.

"మీరూ కత్తిరింపేనా అండీ? కత్తిరించి డిలీట్ చేస్తే ఏమవుతుందో ఇప్పుడేగా చూశారు."

శేషగిరిరావు మొహంలో నవ్వు పోతుంది. "నీ సంగతి తర్వాత చూస్తాను. ధనా, లోపలికి రా."

తలుపు తెరుచుకోదు.

"ధనా."

తెరుచుకుంటుంది.

ధనరాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహం తడిసి ఉంది. అతని వెనకాల కౌంటరు మీద ఇంకో తెర వెలుగుతోంది. వచ్చినవాళ్ళు తమ ఫైళ్ళు చూసుకోవడానికి ఏంజెల్ పెట్టిన తెర. లోపల ఏది కనిపిస్తే అక్కడా అదే కనిపిస్తుంది. ఆ తెర ఆపమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఆ తెర మీద నూకరాజు చెయ్యి ఇంకా చాచే ఉంది.

శేషగిరిరావు గొంతు సవరించుకుంటాడు. "చూశావుగా ధనా. మీ అన్నని చంపింది వీడు. కాల్చెయ్యరా."

"తోసింది ఆయన ధనా," అంటాడు బాబీ. "ముందు తోసింది ఆయనే. ఆయన తోయకపోతే నాకేం పని?"

ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తున్నారు.

ధనరాజు పిస్తోలు ఎత్తుతాడు. రెండేళ్ళుగా పలికిన అదే వినయంతో అడుగుతాడు.

"ముందు ఎవర్నండీ?"

ఏంజెల్ బల్ల కిందికి వంగుతుంది.

ధన్!

శేషగిరిరావు తెల్ల చొక్కా మీద ఎర్రగా మరక. ఆయన ఆశ్చర్యంగా దాన్ని చూసుకుని, మోకాళ్ళ మీద కూలి, పక్కకి ఒరిగిపోతాడు.

బాబీ కళ్ళు తెరుస్తాడు. ఒళ్ళు తడుముకుంటాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు. వాడి పెదాల మీదికి మళ్ళీ ఆ వెకిలి నవ్వు పాకుతుంది. బతికాననుకుంటాడు.

"మంచి పని చేశావు ధనా…"

ధనరాజు పిస్తోలు దించలేదు. అతను అడిగింది 'ముందు ఎవర్ని' అని మాత్రమే అన్న సంగతి, బాబీకి అప్పుడు అర్థమవుతుంది.