రెండో మోకు

ఆ ఉదయం సూరయ్య వరండాలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఎదురుగా చతికిలబడ్డ రెండేళ్ల మనవరాలు సాయిలక్ష్మి అరచేతిని అటూ ఇటూ ఆడించి చేప అంది. తాత రెండు చేతులూ బార్లా చాచి, పెద్ద చేప అన్నాడు. పిల్ల నమ్మలేదు. చిటికెన వేలు చూపించి, నువ్వు తెచ్చేది ఇంతే అంది.

పిల్లకి చెవులు వినపడవు. దాని తల్లి ధరణికి పుట్టినప్పట్నుంచీ అంతే. డిగ్నాబాద్‌లో వడ్రంగం పనికెళ్లే అల్లుడు జితేంద్రకీ అంతే. దీవుల్లోని బాంబూఫ్లాట్‌లో ఆ ఇంటినిండా చేతులే మాట్లాడతాయి. సూరయ్యకి అదేం కష్టం కాలేదు. బోటు ఇంజను మోతలో పక్కవాడి కేక కూడా వినపడదు. వల వెయ్యాలన్నా, బోటు తిప్పాలన్నా చెయ్యే చెప్పాలి. ఒడ్డుమీద కూడా ఆయన నోరు పెద్దగా విప్పడు.

కొడుకు యువరాజ్ ఆస్పత్రి ఒప్పుకోలు కాగితం పట్టుకుని వచ్చాడు.

"ధరణి సంతకం పెడతానందా నాన్నా? పదిన్నర ఫెర్రీకి అవతలి ఒడ్డుకెళ్లి ఇచ్చెయ్యాలి. ఈరోజే ఆఖరు. చెన్నైలో ఆపరేషను చేసి, చెవి వెనక మిషను పెడతారు. పిల్లకి వినపడుతుంది. దీనికి కూడా బతిమాలాలా?"

గుమ్మంలోకొచ్చిన ధరణి తడిచేతులు కొంగుకి తుడుచుకుని సైగలు మొదలుపెట్టింది.

"ఆపరేషనయ్యాక సైగలు మానిపించాలని చెవుల క్యాంపులో అన్నారు కదా. మరి ఇది నాతో ఎలా మాట్లాడుతుంది?"

యువరాజ్‌కి సైగలు అర్థమవుతాయి. పదిమందిలో సిగ్గని తను మాత్రం చిన్నప్పుడే మానేశాడు. నోటితోనే అన్నాడు.

"దీని బతుకు నీలా కావాలా?"

"నాకేం తక్కువ? కుట్టుమిషనుంది. మొగుడున్నాడు. నీకంటే బాగా పోట్లాడతాను."

అది మాత్రం నిజమే అనుకున్నాడు సూరయ్య.

యువరాజ్ మొహం తిప్పేసుకున్నాడు. గోడ మీద తల్లి గవరమ్మ ఫొటో వైపు చూస్తూ గొణిగాడు. "దీనికి చెవులుంటే ఆరోజు అమ్మ వెనక్కి వెళ్లేదే కాదు."

పక్కనుంచి కనబడిన పెదాలు చాలు ధరణికి. ఆమె చేతులు కిందకి జారిపోయాయి. ఎవరూ ఏమీ అనకముందే కాగితం లాక్కుని, పెన్ను అందుకుని కూర్చుంది. 

సూరయ్య లేచి వచ్చి ఆ కాగితం మీద తన అరచెయ్యి పెట్టాడు.

"ఇలా కాదు తల్లీ" అన్నాడు చేత్తో. తర్వాత ఇద్దరికీ తెలియాలని నోటితోనూ చేతులతోనూ మొదలుపెట్టాడు.

"సునామీ నాటికి మనం దక్షిణాన హట్ బే ఊళ్లో ఉన్నాం. యువరాజ్, నువ్వు ఇక్కడ హాస్టల్లో ఉన్నావు. భూమి ఊగింది, సముద్రం వెనక్కి పోయింది. నేను కొత్త ఇంజను భుజాన వేసుకుని గుట్ట వైపు నడిచాను. ధరణి అప్పటికే గుట్ట మీదుంది. నీళ్లు, నీళ్లు అని రెండు చేతులూ ఊపుతోంది. చూశాను. పిల్ల భయపడుతోంది అనుకున్నాను. బోటు కొట్టుకుపోకుండా రెండో మోకు కట్టి రమ్మని మీ అమ్మని వెనక్కి పంపాను."

ఆయన గోడ మీది ఫొటో చూసి, మళ్లీ ధరణి వైపు తిరిగాడు.

"ఆ తాడు కోసమే పోయింది మీ అమ్మ. ధరణిని వెతుకుతూ వెళ్లిందని సునామీ క్యాంపులో ఎవరో అన్నారు. నేను కాదనలేదు. పద్నాలుగేళ్లయింది."

 ధరణి తండ్రినే చూస్తోంది.

"అమ్మ నన్ను చూసిందా?"

"చూసింది. అక్కడే ఉండు, వస్తాను అని నీకు చెయ్యి ఊపింది."

ధరణి పిడికిలితో తండ్రి గుండెల మీద ఒకసారి కొట్టింది. రెండోసారి కొట్టబోయి, అక్కడే తలపెట్టి ఏడ్చింది. సూరయ్య ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాడు.

యువరాజ్ చెల్లెలి ముందుకొచ్చాడు. ఏళ్ల తరబడి వాడని చేతులు పైకెత్తాడు. "తప్పు నాది" అనబోతే వేళ్లు ఎటో తిరిగాయి. సాయిలక్ష్మి విసుక్కుని, మావయ్య వేళ్లు పట్టుకుని సరిచేసింది. ధరణి ఏడుపులోనే నవ్వింది.

"దీనికి చెవులూ రానీ, చేతులూ ఉండనీ" అంది కళ్లు తుడుచుకుని. "ఎవరు చెప్పినా ఇవి మాన్పించను. నువ్వూ మళ్లీ నేర్చుకోవాలి. సరేనంటే సంతకం పెడతాను."

యువరాజ్ తలూపాడు.

"తల కాదు. చేత్తో చెప్పు."

చెప్పాడు. అప్పుడామె సంతకం పెట్టింది. కాగితం అన్న చేతిలో పెట్టింది.

పదిన్నరకి తాతా మనవరాలూ జెట్టీ దాకా వచ్చారు. ఫెర్రీ కదిలింది. ఇంజను మోతలో డెక్కు మీంచి యువరాజ్ ఏదో అరిచాడు. ఒడ్డున ఒక్కరికీ వినపడలేదు. అతను కాగితం జేబులో పెట్టుకుని, చుట్టూ ఉన్న జనాన్ని చూడకుండా, రెండు చేతులూ బార్లా చాచి, పెద్ద చేప తెస్తానన్నాడు.

సూరయ్య చంకలోంచి సాయిలక్ష్మి చిటికెన వేలు చూపించింది.