నా పుట్టినరోజు జూన్ ఒకటి కాదు

జూన్ ఒకటో తారీఖు పొద్దున్నే నా ఫోను నాకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పింది. కాసేపటికి టాబ్లెట్ కూడా చెప్పింది. రాజోలు సెంటర్లో నా షాపు తెరిచి లాప్‌టాప్ ఆన్ చేస్తే, అది ఏకంగా తెరనిండా బెలూన్లు ఎగరేసింది.

"హ్యాపీ బర్త్‌డే అండీ!"

తలెత్తాను. కౌంటరుకి అవతల ఒకమ్మాయి. చూపు బెలూన్ల మీదే ఉంది.

"ఇవాళ నా పుట్టినరోజు కాదండి. బళ్లో వేసినప్పుడు హెడ్మాస్టారు రాసేసిన రోజు. ఆధార్లోనూ అదే ఎక్కింది. అసలుదెప్పుడో ఎవరికీ తెలీదు."

"మీ అమ్మగారికి కూడానా?"

"నా ఏడో ఏట పోయేరండి. మా నాన్నకి ఆ రోజు వాన పడిందనే గానీ తారీఖు గుర్తులేదు."

ఆమె చూపు ఒక్కసారి షాపు బోర్డు వైపు వెళ్లి వచ్చింది. 'వీరవేణి మొబైల్స్' అని అమ్మ పేరే రాయించాను. ఇంకేం అడగకుండా సంచిలోంచి అరచేతిలో పట్టే నల్లటి డబ్బా తీసింది. మూత తెరిస్తే లోపల బుల్లి బుల్లి మీటలు, మూడు వరుసల తెర.

"డిజిటల్ డైరీ. మా మామ్మది. అక్షరాలు వెలిసిపోతున్నాయి."

నాకు నవ్వాగలేదు. "ఇంకా దీన్ని వాడుతున్నారా? నా ఫోన్లో ఇలాంటివి లక్ష పడతాయండి."

"మీ ఫోను పొద్దుటి చార్జింగుతో సాయంత్రం దాకా ఉంటుందా?"

నవ్వు ఆపేసి వెనక మూత విప్పాను. లోపల రెండు బిళ్ల బ్యాటరీలు. రెండిటి మీదా రెండు వేళ్లు వేశాను.

గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. "ఆగండి! రెండూ ఒకేసారి తీస్తే లోపలున్నదంతా పోద్ది. ఒకటి మార్చేకే రెండోది!"

"రోజుకి పాతిక ఫోన్లు విప్పుతానండీ!"

"ఇది ఫోను కాదండీ!"

నిజమే. అది ఫోను కాదు. ఒళ్లు దగ్గర పెట్టుకుని ఒకదాని తరవాత ఒకటి మార్చాను. తెర మీద అక్షరాలు నల్లగా లేచాయి. ఆమె ఊపిరి వదిలాక గానీ నా చెయ్యి వదల్లేదు.

అప్పుడు చెప్పింది. తన పేరు కరుణ, టీచరు. మామ్మ సుగుణ గారు సఖినేటిపల్లి చుట్టుపక్కల ఊళ్లలో నర్సుగా చేశారు. మస్కట్ నుంచి తమ్ముడు తెచ్చిచ్చిన ఈ డైరీలో, తన చేతుల మీద పుట్టిన ప్రతి బిడ్డనీ రాసుకున్నారు. నాలుగు వందల పన్నెండు మంది. ఎవరి పుట్టినరోజు వస్తే ఆ పొద్దున్న ఇది బీప్ అంటుంది. ఆవిడ ఆ బిడ్డ కోసం ప్రార్థన చేస్తారు.

"ఎప్పట్నించి?"

"ముప్పై ఏళ్ల నించీ."

నేను ఆ డబ్బాని రెండు చేతులతో పట్టుకున్నాను. ఇందాక ఒక చేత్తో గిరగిరా తిప్పినందుకు సిగ్గేసింది.

"వీటినన్నిటినీ ఫోన్లోకి ఎక్కించేద్దామండీ" అన్నాను.

"అరవై నోటిఫికేషన్ల మధ్య ఒక బిడ్డ పేరొస్తే మామ్మకి కనిపిస్తుందా?"

"పోనీ, టాబ్లెట్?"

"మా అక్క పిల్లలు కార్టూన్లు పెట్టేసుకుంటారు."

"లాప్‌టాప్?"

"అది తెరుచుకునేలోపు ప్రార్థన అయిపోద్ది."

"ఒప్పుకున్నాను. కానీ ఈ రెండు బిళ్లలూ ఒకేసారి చచ్చిపోతే? కాపీ ఒక్కటైనా ఉండాలి కదండీ."

కరుణ ముఖం పాలిపోయింది. "ఆయ్. ఉండాలి."

కేబుల్ పెట్టే చోటే లేదు దానికి. కాబట్టి ఆమె చదవడం, నేను లాప్‌టాప్‌లో కొట్టడం. బడి తెరిచేదాకా రోజూ బస్సెక్కి వచ్చేది. మొదటిరోజు అరవై పేర్లు కొట్టాను. పని తొందరగా అయిపోతుందని అర్థమై, మర్నాడు ఇరవైకి దిగాను.

"నిన్న బాగానే కొట్టేరు కదండీ?"

"కీబోర్డు మొరాయిస్తోందండి."

ఆమె కీబోర్డు వైపు చూడలేదు. నా వైపు చూసి నవ్వింది. బయట ఋతుపవనాల తొలి వాన మొదలైంది.

ఆగస్టుకి వచ్చాం. "తొమ్మిది. తొంభై తొమ్మిది. మగబిడ్డ. పంటు మీద. తల్లి..." అని ఆగిపోయింది.

"చెప్పండి."

"తల్లి వీరవేణి. మీ నాన్నగారి పేరేంటండీ?"

"దొరబాబు."

డైరీ నా వైపు తిప్పింది. మూడో వరుసలో మా నాన్న పేరు ఉంది. నాన్నకి ఫోన్ చేశాను.

"ఆయ్, రేవు దాటించే పంటు మీదేరా. నర్సాపురం ఆసుపత్రికి తీసికెళ్తుంటే గోదారి మధ్యలో పుట్టేసేవు. చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. ఇరవై ఆరేళ్లూ చెప్పలేదు. నా దగ్గరున్న ఖరీదైన మూడు యంత్రాలూ ఏకమై తప్పు చెబుతుంటే, మూడు వరుసల ఈ తెర ఒక్కటీ నిజం దాచి ఉంచింది. ఏటా ఆ రోజు నా పేరైనా తెలియని ఒకావిడ నా కోసం దేవుణ్ణి అడుగుతోంది. కరుణ తన చేతిరుమాలు నా ముందుకి జరిపింది. అప్పుడు తెలిసింది నేను ఏడుస్తున్నానని.

ఆగస్టు తొమ్మిది పొద్దున్న సఖినేటిపల్లిలో వాళ్లింటి వసారాలో కూచున్నాను. ఆరున్నరకి డైరీ బీప్ అంది. సుగుణ గారు నా తల మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు.

"ఆ రోజు జోరువాన బాబూ. అంత నొప్పుల్లోనూ మీ అమ్మ నీకోసం తెచ్చిన మెత్తటి గుడ్డ తడవకుండా కొంగు కింద దాచుకుంది. ఇన్నేళ్లూ వీరవేణి బిడ్డని చల్లగా చూడమనే అడిగేను. నీ పేరు తెలీదు కదా. ఇదిగో, నువ్వే రాయి."

ఆ బుల్లి మీటల మీద ఒక్కో అక్షరం నొక్కి నా పేరు రాశాను. తరవాత ధైర్యం చేసి కరుణ వైపు తిరిగాను.

"మీది నవంబరు ఇరవై రెండు."

"ఎలా తెలుసండీ?"

"నాలుగు వందల పన్నెండూ నేనే కొట్టేను కదా. లాప్‌టాప్ చూడకుండా చెప్పగలిగేది అదొక్కటే."

కరుణ తల వంచుకుని డైరీ మూత తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

"దాన్నలా వాయించకే, విరుగుద్ది" అన్నారు సుగుణ గారు. "బాబూ, నవంబరు దాకా ఎందుకు? ఆదివారం మీ నాన్నగారిని తీసుకురా. పెళ్లి తారీఖు ఈసారి అందరం కలిసి రాద్దాం."